కలిసిపోయిందట

కొండమ్మది చేలల్లో పెరిగిన గొంతు. మిరప చేనుకి ఆ చివరనున్న కూలీని ఈ చివర నుంచి పిలిచి పిలిచి సాగిన గొంతు. ఆ గొంతుతో ఆమె రవిచంద్ర నెట్ సెంటరు మెట్ల మీద నిలబడి కేకేసేసరికి, పక్కనున్న ఎరువుల కొట్లో మనుషులు కూడా తలలు బయటపెట్టి చూశారు.

"యాడుంది ఆ కంప్యూటర్ అమ్మాయి? బయటికి రమ్మనండి!"

అర్చన అప్పుడు ఎవరిదో ఆధార్ కార్డు జిరాక్సు తీస్తోంది. మిషను మూత పట్టుకునే వెనక్కి తిరిగింది. కొండమ్మ వెనకాల ఆమె కూతురు హాసిని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయింది. ఆ పిల్ల ఇక్కడే గురజాలలో ఇంటర్ చదివి, మొన్ననే వచ్చి ఇంజనీరింగు కౌన్సెలింగుకి వెబ్ ఆప్షన్లు పెట్టుకుని వెళ్ళింది. పెట్టింది అర్చనే.

"నువ్వేనంటగా పెట్టింది? మొదట పేటలో సర్కారు కాలేజీ పెట్టమంటే ఏం పెట్టావు? నిన్న దీని స్నేహితురాలి ఫోన్లో తెరిచి చూస్తే మొదట ఎవడిదో ప్రైవేటు కాలేజీ ఉంది. పేట కాలేజీ అడుగుకి పోయింది. నీకేం అపకారం చేశానమ్మే నేను? నా బిడ్డ నోట్లో మట్టెందుకు కొట్టావు?"

ఆ మాటకి అర్థమేమిటో అర్చనకి తెలుసు. సీట్లిచ్చే కంప్యూటరు ఆప్షన్ల వరసని పైనుంచి చూసుకుంటూ వస్తుంది. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ సీటిచ్చేసి ఆగిపోతుంది. ఆ ప్రైవేటు కాలేజీ నిరుడే పెట్టారు. అందులో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సీట్లున్నాయి. అది మొదట ఉందంటే హాసినికి వచ్చేది అదే. ర్యాంకు ఎంత మంచిదైనా పేట కాలేజీ దాకా పోనే పోదు.

రవిచంద్ర తన కుర్చీలోంచి నింపాదిగా లేచాడు. ఆయనకి కోపం రాదు. కోపం వచ్చే పనులన్నీ వేరేవాళ్ళకి అప్పజెప్పుకుంటాడు.

"అరవమాక కొండమ్మా, ఇట్టా కూర్చో. ఏం లేదు, కలిసిపోయిందంతే. ఒకే కంప్యూటరు, ఒకే బ్రౌజరు, వందమంది పిల్లల లాగిన్లు. ఒకరిది తెరిచి ఉండగానే మా అమ్మాయి ఇంకోళ్ళది తెరిచింది. వాళ్ళ వరస మీ పిల్ల దాంట్లో పడింది. పాపం, కావాలని చేసిందా ఏంది?" అంటూ అర్చన వైపు జాలిగా చూశాడు. "చూసుకోవాలి కదమ్మాయ్! పిల్లల బతుకులు ఇయ్యి."

అర్చనకి పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. నిరుడు ఒక ముసలామె పింఛను దరఖాస్తులో ఇంకొకామె ఫోటో పెట్టేసింది నిజంగా తనే. రెండు ట్యాబులు తెరిచి ఒకదాని బదులు ఇంకోటి నొక్కింది. ఇదీ అట్లాగే జరిగి ఉంటుందని అనుకుంది. జనం ముందర కొండమ్మకి క్షమాపణ చెప్పుకుంది. శనివారం సాయంత్రం దాకా ఆప్షన్లు మార్చుకోవచ్చు కాబట్టి, హాసినిని పక్కన కూర్చోబెట్టుకుని వరసంతా మళ్ళీ పెట్టింది. ఆ పిల్ల ఒక్కో కాలేజీ పేరూ రెండేసిసార్లు చదువుకుంది.

"నిన్ను నమ్మి పిల్లని ఒంటరిగా పంపినందుకు నాదీ బుద్ధి తక్కువ," అంది కొండమ్మ వెళ్తూ వెళ్తూ. అరిచినప్పటి మాటలన్నిటికంటే నెమ్మదిగా అన్న ఆ మాటే అర్చనని ఆ రోజంతా గుచ్చింది.

మర్నాడు పొద్దున నూర్ మొహమ్మద్ ప్రింటరు బాగుచేయడానికి వచ్చాడు. ఆ వీధిలో ప్రతి కంప్యూటరూ ఒకసారైనా ఆయన చేతిలో విప్పబడిందే. ప్రింటరు కడుపులోంచి నలిగిన కాగితాలు ఒక్కొక్కటే లాగుతూ, అర్చన దిగులు ముఖం చూసి సంగతి అడిగాడు. విని నవ్వాడు.

"ప్రొఫైళ్ళు పెట్టుకోకపోయావా చెల్లెమ్మా?"

"అయ్యేంది?"

ఆయన మసి చేతిని చొక్కాకే తుడుచుకుని బ్రౌజరులో కుడివైపు పైమూలనున్న గుండ్రటి బొమ్మ మీద నొక్కాడు. ఆ బొమ్మని అర్చన ఇన్నాళ్ళూ రోజూ చూస్తూనే ఉంది. ఊరికే అలంకారానికి పెట్టారనుకుంది. దాని కింద ఇంకో ప్రొఫైలు కలుపుకోమని అడుగుతోంది. ఆయన కలిపాడు. కొత్త కిటికీ తెరుచుకుంది. దాంట్లో పాత లాగిన్లు లేవు, దాచిన పాస్‌వర్డులు లేవు, నిన్న ఎవరో చూసిన పేజీలు లేవు. అప్పుడే అలికిన గచ్చులా ఖాళీగా ఉంది.

"ఒక్కో పిల్లకి ఒక్కో ప్రొఫైలు పెట్టు. పేరు రాయి, రంగు మార్చు. ఈ పిల్ల లాగిన్ ఆ పిల్లదాంట్లోకి పోదు. రెండూ పక్కపక్కన తెరిచి పెట్టినా కలవవు."

అర్చనకి వెంటనే అర్థమైంది. పోపులపెట్టెలో గిన్నెల్లాంటివన్నమాట. ఆవాలు ఆవాలే, జీలకర్ర జీలకర్రే. ఇన్నాళ్ళూ తను అన్నీ ఒకే డబ్బాలో పోసి, ఏరుకోలేక చస్తోంది.

ఆ రోజు ఆమె మధ్యాహ్నం భోజనం చల్లారిపోయేదాకా ప్రొఫైళ్ళు పెడుతూనే ఉంది. హాసినికి పచ్చరంగు ఇచ్చింది. దాచేపల్లి నుంచి వచ్చిన కవలపిల్లలకి ఒకరికి నీలం, ఒకరికి నారింజ. కాలేషా అనే కుర్రాడు తనకి పిల్లి బొమ్మ కావాలని పట్టుబట్టాడు, ఇచ్చింది. ఒక్కొక్కరి పేరు కొట్టి, వాళ్ళ లాగిన్ పాత బ్రౌజరులోంచి తీసేసి, వాళ్ళ గిన్నెలో పెట్టింది. పని అయ్యాక "నీదాంట్లో నీది తప్ప ఇంకేమన్నా ఉందేమో చూసుకో" అని కుర్చీ వాళ్ళకిచ్చింది. నెట్ సెంటరులో కుర్చీ పిల్లలకివ్వడం అదే మొదలు. అప్పటిదాకా వాళ్ళు వెనక నిలబడి ఆమె భుజం మీదుగా తొంగిచూసేవాళ్ళు.

రవిచంద్ర వచ్చి తెర మీద వరసగా ఉన్న బొమ్మల్ని చూశాడు.

"ఏందమ్మాయ్ ఇది, అంగన్‌వాడీలా! పిల్లులూ కుక్కలూ!"

"ఎవరిది వాళ్ళకి వేరు చేశా అన్నా. ఇంకెప్పుడూ కలిసిపోవు."

ఆయన బొమ్మల కింద పేర్లన్నీ ఒకసారి చదువుకున్నాడు. తర్వాత, "టైము దండగ. బయట లైను ఎంతుందో చూడు" అన్నాడు. జేబులో షాపు ఫోను మోగితే తీసి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ ఫోను గురించి చెప్పాలి. నెట్ సెంటరుకి వచ్చే ప్రతివాళ్ళ దరఖాస్తులోనూ రవిచంద్ర ఆ నంబరే రాయిస్తాడు. "మీ ఊళ్ళో సిగ్నలుండదు, ఓటీపీలు రావు, మీకెందుకు తిప్పలు, మా నంబరే ఇద్దాం" అంటాడు. జనం అది పెద్ద ఉపకారమనుకుని దండం పెట్టి వెళ్తారు. అందుకే గురజాల చుట్టుపక్కల సగం ఊళ్ళ తాళంచెవులు ఆయన చొక్కా జేబులో ఉంటాయి. ఆ జేబు బరువు గురించి అర్చన కూడా అప్పటిదాకా ఆలోచించలేదు.

శుక్రవారం భోజనానికి వెళ్ళొచ్చి కూర్చుంది. కవలపిల్లల్లో ఒకళ్ళు ఒక బ్రాంచి మార్చమని ఫోను చేస్తే నీలం ప్రొఫైలు తెరిచి మార్చింది. చెయ్యి ఊరుకోక, పక్కనున్న పచ్చది కూడా నొక్కింది. హాసిని ఆప్షన్లు ఒకసారి చూసుకుంటే మనసు కుదుటపడుతుందని నొక్కింది.

మొదట ఆ ప్రైవేటు కాలేజీయే ఉంది. పేట కాలేజీ మళ్ళీ అడుగుకి పోయింది.

అర్చనకి మొట్టమొదట కలిగింది కోపం కాదు, సంతోషం. 'నేను కాదు! అప్పుడూ నేను కాదు!' అనుకుంది. పచ్చదాంట్లో హాసిని లాగిన్ తప్ప ఇంకెవరిదీ అడుగుపెట్టలేదు. కలవడానికి అక్కడ రెండోది లేదు. జనం ముందు తలదించుకుని, నిప్పు తగిలిన అప్పడంలా ముడుచుకుపోయి క్షమాపణ చెప్పుకుందే, ఆ తప్పు తనది కానే కాదు. ఆ పిల్ల బతుకు అడుగుకి పోయి ఉంటే తనకి సంతోషమేమిటని ఆ వెంటనే సిగ్గుపడింది. ఆ సిగ్గు వెనకాల కోపం వచ్చింది.

తల తిప్పి చూసింది. లోపలి బల్ల దగ్గర రవిచంద్ర, సందీప్ మిరపకాయ బజ్జీలు తింటున్నారు. సందీప్ ఆ ప్రైవేటు కాలేజీ మనిషి. పీఆర్వో అని మెడలో కార్డు వేసుకుని ఊరూరా తిరుగుతాడు. కౌన్సెలింగు మొదలైన దగ్గర్నుంచి నెట్ సెంటరుకి రోజూ వస్తున్నాడు. పిల్లలకి కాలేజీ పేరున్న పెన్నులు పంచుతాడు, అర్చనకి కూడా ఒక గోడ గడియారం ఇచ్చాడు. కాలేజీలో చేరే ఒక్కో పిల్ల మీదా రవిచంద్రకి ఏం ముడుతుందో అర్చనకి తెలియదు. తెలుసుకోవాల్సిన పని కూడా ఇప్పుడు లేదు.

ఆమె లేచి వెళ్ళి ఆ బల్ల దగ్గర నిలబడింది.

"హాసినిది మళ్ళీ మారింది అన్నా."

రవిచంద్ర బజ్జీ తొడిమ కాగితంలో పెట్టాడు. "మళ్ళీ కలిసిపోయిందా?"

"ఇప్పుడు కలవదు. వేరు చేశా కదా."

సందీప్ నవ్వాడు. "అక్కకి అన్నీ తెలుసన్నా."

"నువ్వుండరా," అని రవిచంద్ర కుర్చీ ముందుకు లాక్కున్నాడు. గొంతు మెత్తగానే ఉంది. "చూడమ్మాయ్. ఆ పిల్లకి పేటలో వస్తుందని ఏంది గ్యారంటీ? ఇక్కడైతే సీటు ఖాయం. బస్సు ఇంటి ముందుకొస్తుంది. ఆ కొండమ్మకి ఏం తెలుసు, ఏ కాలేజీ అయితే ఏంది? మనం మంచే చేస్తున్నాం."

"మంచయితే ఆళ్ళకి చెప్పి చేయాలి కదా."

"చెప్తే ఒప్పుకోరు."

ఆ మాట అన్నాక తను ఏమన్నాడో ఆయనకే తెలిసినట్టుంది. కాగితం ఉండచుట్టి బుట్టలో పడేశాడు. "నీకు జీతమిచ్చేది నేనా, కొండమ్మా? రేపు ఆఖరి రోజు. ఆమె వస్తే, మళ్ళీ కలిసిపోయిందని చెప్పు. సరిచేసినట్టు చెయ్యి. అంతే నీ పని."

అర్చన వచ్చి కుర్చీలో కూర్చుంది. హాసిని ఆప్షన్లు మళ్ళీ సరిగ్గా పెట్టింది. పెడుతుండగానే తెలిసింది, ఇదంతా వృథా అని. తను ఇంటికి వెళ్ళాక ఇదే కుర్చీలో కూర్చుని ఆయన ఈ పచ్చ బొమ్మనే నొక్కుతాడు. పైగా పేర్లు రాసి, రంగులేసి, ఎవరిది ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేకుండా తనే వరసగా పేర్చి పెట్టింది. పోపులపెట్టెకి మూత ఉంటుంది గానీ తాళం ఉండదు. నూర్ మొహమ్మద్ కలవవని చెప్పాడే గానీ ఎవరూ తెరవలేరని చెప్పలేదు. అది తనే ఊహించుకుంది. పాస్‌వర్డు మార్చినా లాభం లేదు. మర్చిపోయానని నొక్కితే కొత్త పాస్‌వర్డుకి ఓటీపీ వచ్చేది ఆ జేబులోకే. మార్చాల్సింది నంబరు. నంబరు మార్చాలంటే ముందు పాత నంబరుకి వచ్చిన ఓటీపీ కొట్టాలి. అంటే ఆయన చెప్పాలి. అడిగితే చెప్తాడా?

నలుగురిలో అడిగితే?

ఈ ఉద్యోగం పోతే గురజాలలో ఇంకోటి అంత తేలిగ్గా దొరకదు. ఆ సంగతి ఆమెకి బాగా తెలుసు. అయినా తన సొంత ఫోను తీసుకుని వెనక సందులోకి వెళ్ళి హాసినికి ఫోను చేసింది.

"రేపు మీ అమ్మని తీసుకుని రా. మీ ఇంట్లో ఫోను కూడా తీసుకురా, చార్జింగు పెట్టి. వచ్చేదాకా ఎవరికీ ఏం చెప్పమాక."

శనివారం పొద్దున్నుంచే నెట్ సెంటరు నిండిపోయింది. ఆఖరి రోజని తల్లులూ తండ్రులూ కూడా పిల్లల వెంట వచ్చారు. మెట్ల మీద చెప్పులు పెట్టడానికి చోటు లేదు. రవిచంద్ర తెల్లచొక్కా వేసుకుని అందరినీ పలకరిస్తున్నాడు. సందీప్ గుమ్మం పక్కన నిలబడి పెన్నులు పంచుతున్నాడు.

కొండమ్మ కూతురితో జనంలోంచి తోసుకుని వచ్చింది. ఆమె నోరు తెరవకముందే రవిచంద్ర అందుకున్నాడు.

"ఏం కొండమ్మా, మళ్ళీ కలిపేసిందా మా అమ్మాయి?"

నలుగురూ నవ్వారు. అర్చన నవ్వలేదు. లేచి నిలబడి, బల్ల మీదున్న తెరని రెండు చేతులతో పట్టుకుని జనం వైపు తిప్పింది. వైర్లు గుంజుకుని కీబోర్డు కాస్త పక్కకి జరిగింది.

"కలవలేదు పిన్నీ," అంది. పచ్చ బొమ్మ మీద వేలు పెట్టి మళ్ళీ చెప్పింది. "కలవలేదు. ఇదిగో, ఈ పచ్చది మీ పాపది. దీంట్లో మీ పాప లాగిన్ ఒక్కటే ఉంది. పక్కనున్న నీలంది వేరే పిల్లది. దీంట్లోది దాంట్లోకి పోదు. అట్టాంటిది నిన్న మధ్యాహ్నం నేను అన్నానికి పోయొచ్చేసరికి దీంట్లో మళ్ళీ ఆ ప్రైవేటు కాలేజీ మొదటికొచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. కొండమ్మ తెర వంకా, అర్చన వంకా మార్చి మార్చి చూసింది.

"అంటే దానంతటది రాలేదా?"

"రాలేదు. ఇది తెరిచి, కూర్చుని, ఒక్కోటీ జరిపితేనే వస్తుంది."

"ఎవరు జరిపారు?"

"ఆ సంగతి తర్వాత. ముందు పిల్లది కాపాడుకుందాం." అర్చన మళ్ళీ కుర్చీలో కూర్చుంది. "దీనికి మా షాపు నంబరు ఇచ్చి ఉంది. అది తీసి మీ నంబరు పెడుతున్నా." హాసిని చెప్తుంటే కొత్త నంబరు కొట్టింది. బటన్ నొక్కింది. చెయ్యి బల్ల మీద ఆనించి రవిచంద్ర వైపు తిరిగింది. "ఓటీపీ మీకొస్తుంది. చదవండన్నా."

రవిచంద్ర ముఖంలో చిరునవ్వు అట్లాగే ఉంది, కళ్ళు మాత్రం దానికి తోడు లేవు. "ఇప్పుడేం తొందర? సర్వరు బిజీగా ఉంటుంది. సాయంత్రం నేను చూస్తాలే."

ఆయన జేబులో ఫోను టింగుమంది. ఆ చిన్న చప్పుడు అందరికీ వినపడింది.

"వచ్చిందన్నా. సాయంత్రానికి ఆప్షన్లు మూసేస్తారు."

"అర్చనా, నువ్వు లోపలికి రా, మాట్లాడదాం."

"ఇక్కడే మాట్లాడండి. నన్ను ఇక్కడేగా తప్పుదాన్ని చేసింది."

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అర్చనకే తెలియదు. నిన్నటినుంచి అనుకుని పెట్టుకున్న మాటల్లో అది లేదు. కానీ అనేశాక ఒళ్ళు తేలికపడింది.

కొండమ్మకి అప్పుడు తెలిసింది. ఎవరూ ఆమెకి పేరు చెప్పలేదు. కానీ ఏళ్ళ తరబడి కూలీల ముఠా నడిపిన మనిషి, ఎవరు పని ఎగ్గొట్టారో నడుం వంపు చూసి కనిపెట్టే మనిషి. ఆమె అరవలేదు. చీర కొంగు నడుముకి దోపుకుని వెళ్ళి రవిచంద్ర ఎదురుగా నిలబడింది.

"చదువు నాయనా. నాకు చదువు రాదు. నువ్వు చదువుకున్నోడివిగా, చదువు."

వెనక ఎవరో పెద్దాయన, "చదవయ్యా రవిచంద్రా, పిల్లదేగా" అన్నాడు. ఇంకొకళ్ళు గొంతు కలిపారు. రవిచంద్ర గుమ్మం వైపు చూశాడు. సందీప్ అక్కడ లేడు. పెన్నుల సంచీ మాత్రం ఉంది. బయట బైకు స్టార్టయిన చప్పుడు వినపడింది.

ఆయన ఫోను తీశాడు. కళ్ళజోడు సవరించుకున్నాడు. అంకెలు ఒక్కొక్కటే చదివాడు. అర్చన ఒక్కొక్కటే కొట్టింది. ఈసారి హాసిని చేతిలో ఫోను మోగింది. ఆ పిల్ల దాంట్లో వచ్చిన అంకెలు తనే కొట్టుకుంది.

"ఇప్పుడు కొత్త పాస్‌వర్డు పెట్టుకో. పైకి చెప్పమాక, నాక్కూడా," అని అర్చన కుర్చీ ఇచ్చేసి గోడ వైపు తిరిగి నిలబడింది. ఆమెని చూసి వెనకున్న వాళ్ళూ ముఖాలు పక్కకి తిప్పుకున్నారు. ఎరువుల కొట్టు దగ్గర్నుంచి వచ్చిన మనిషి కూడా పైకప్పు చూశాడు. హాసిని కొత్త పాస్‌వర్డు రెండుసార్లు కొట్టుకుంది.

ఆప్షన్లు మొదటినుంచి చివరిదాకా చూసుకుని, సేవ్ చేసి, పిల్ల తలెత్తింది. "అక్కా, మరి ఈ పచ్చది?"

"తీసేస్తున్నా. నీది నీ దగ్గరే ఉండాలి, మా దగ్గరెందుకు?" అర్చన ఆ ప్రొఫైలు మీద నొక్కి తొలగించింది. వరసలో ఆ చోటులోకి నీలంది జరిగింది.

"నాది కూడా మార్చక్కా," అన్నాడు కాలేషా, పిల్లి బొమ్మ కుర్రాడు.

"మాయి రెండూ," అన్నారు కవలపిల్లలు ఒక్కసారే.

అంతే, అందరూ బల్ల మీద పడ్డారు. అప్పుడు లేచింది కొండమ్మ గొంతు. "ఒరేయ్, ఆగండి! మీద పడకండి! ఆడపిల్లలు ఇటు, మగపిల్లలు అటు. ఒకరి తర్వాత ఒకరు. ఏమయ్యా, నువ్వు పెద్దోడివి, నీకు చెప్పాలా?" క్షణంలో లైను తయారైంది. ఆ పని ముగించుకుని ఆమె అర్చన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. "మొన్న నోటికొచ్చినట్టు అన్నా," అంది తెర వంక చూస్తూనే. "ఇంకోసారి అట్టా అంటే, నాకూ నాలుగు తగిలించు."

"సరే పిన్నీ," అంది అర్చన. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కానీ లైను పెద్దది, తుడుచుకోవడానికి తీరిక లేదు.

కాలేషా నంబరు కొట్టింది. రవిచంద్ర జేబు మోగింది. ఆయన చదివాడు. కవలల్లో ఒకళ్ళది కొట్టింది, మోగింది, చదివాడు. రెండోవాళ్ళది మోగేలోపు ఆయన వంగి, అర్చనకి మాత్రమే వినపడేలా, పళ్ళ మధ్యనుంచి అన్నాడు.

"రేపట్నుంచి నువ్వు రావద్దు."

అర్చన తల తిప్పలేదు. తర్వాతి పిల్ల నంబరు కొడుతూ, లైనులో చివరివాళ్ళకి కూడా వినపడేలా జవాబు చెప్పింది.

"రానన్నా. కానీ ఈ పిల్లలందరివీ అయ్యేదాకా నేను లేవను, మీరూ లేవొద్దు. అదిగో, ఇంకోటొచ్చింది. చదవండి."

రవిచంద్ర ఫోను ఎత్తి చదివాడు.